దాలి పక్కన ఫైటరు చేప

మా కోడలు మొన్న ఒక గాజుతొట్టె, అందులోకి ఒక నీలిరంగు ఫైటరు చేప, ఆ చేపకి చలి వెయ్యకుండా కరెంటుతో నడిచే ఒక హీటరూ కొనుక్కొచ్చి, నన్ను కాపలాకి వేసింది. నీళ్ళ వేడి ఇరవయ్యారు డిగ్రీలకి తగ్గకూడదట. రిటైరైన మనిషికి ఇంట్లో దక్కే హోదాల్లో ఇదేమంత చిన్నది కాదు గనక ఒప్పుకున్నాను. హీటరు మీది బుల్లి ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే చూస్తూ కూర్చున్నవాణ్ణి, అమలాపురంలో డిగ్రీ చదివే రోజుల్లోకి, కొత్తపేట దగ్గర మా ఇంటి వెనక వసారాలోకి వెళ్ళిపోయాను.

ఆ ఏడు మా బాబాయి మద్రాసు నుంచి వస్తూ, జువాలజీ చదువుతున్నాను కదా అని, ఒక పెద్ద గాజుసీసాలో ఎర్రని ఫైటరు చేపని తెచ్చి నా చేతిలో పెట్టాడు. కోనసీమకి కొబ్బరికాయ మోసుకొచ్చినట్టుందని ఇంటిల్లిపాదీ నవ్వారు గానీ, కుచ్చిళ్ళు జార్చుకుంటూ నడిచే పెళ్ళికూతురిలా అది ఈదుతుంటే నాకు పాఠాలు బుర్రకెక్కేవి కావు. అంతకుముందు ఎక్కేవని కాదు.

ధనుర్మాసం మంచు మొదలయ్యేసరికి చేప తిండి మానేసి సీసా అడుగున కూలబడింది. వేడినీళ్ళు గబుక్కున పోస్తే చస్తుందని పుస్తకంలో ఉంది. పొయ్యకపోతే చస్తుందని చేపని చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో రోజంతా సన్నగా వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, దాలి. నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు; గుంటలో పిడకలు రాజేసి పైన పాలకుండ పెడితే, మంటన్నది లేకుండా సాయంత్రం దాకా కాగి మీగడ ఎర్రగా కట్టేది. ఆ దాలి మా నాయనమ్మ ఏలుబడి. సీసా పక్కన పెట్టనిమ్మని బతిమాలితే, పాలూ చేపా ఒక్కచోట చేరితే బొల్లి వస్తుందని ససేమిరా అంది. చేప పాలు తాగదని నేను వాదించాను. ఆవిడ వినలేదు.

ఆ సంగతి గోడవతల నుంచి విన్న పక్కింటి అత్తయ్యగారు, "పులుసు అంత నిదానంగా పెడతారేటండీ? చింతపండెప్పుడు పిసకమంటారు?" అని అడిగారు.

మర్నాడు పొద్దున్న చూస్తే చేప పక్కకి ఒరిగిపోయి ఉంది. సీసా ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాను. నాయనమ్మ వచ్చి వంగి చూసింది. ఒక రెక్క కొద్దిగా ఆడింది.

"ఇటియ్యరా. చచ్చేక పులుసుక్కూడా పనికిరాడు ఈడు," అంటూ సీసా లాక్కుని, దాలి పక్కన ఇటుక మీద పెట్టి, పాలకుండని మాత్రం బొల్లి భయం కొద్దీ ఓ జానెడు అవతలకి జరిపింది. తరవాత చంటిపిల్లల స్నానానికి చూసినట్టు, వంట చేస్తూ చేస్తూ వచ్చి సీసాకి ముంజేయి ఆనించి చూసిపోయేది. మూడోనాటికి చేప పైకొచ్చి గుటకేసింది. నాకు పరీక్ష పాసైనంత ఆనందం కలిగిందని చెబితే అబద్ధం. అంతకన్నా ఎక్కువే.

అసలు గొడవ ఆ తరవాత వచ్చింది. మేం అన్నాలు తినేది కూడా ఆ వసారాలోనే. నాయనమ్మ తళతళా తోమిన స్టీలు కంచంలో చేపల పులుసు కలుపుకుంటుంటే, సీసాలో వాడు మొప్పలు విప్పుకుని, ఒళ్ళంతా పొంగించి ఆవిడ మీదకి దూకబోయాడు. కంచంలో తన నీడే చూసుకుని, ఇంకో మగచేప వచ్చిందనుకుని అలా చేస్తుందని వివరంగా చెప్పాను.

"నీ చదువు నీకాడుంచుకోరా. ఎదరకూర్చుని చుట్టాల్ని తింటుంటే నీకు కోపం రాదా?" అంది.

అప్పటినుంచి ఇంట్లో చేప వండిన రోజున సీసా మీద మడతలు పెట్టిన ముతక తువ్వాలు కప్పాకే కంచాలు పెట్టేవారు. మా ఇంట్లో చేప వండని రోజు ఎన్నడని? దాంతో ఆ చలికాలం వాడు చాలామటుకు తువ్వాలు కిందే గడిపేశాడు. వాణ్ణి గట్టెక్కించింది దాలి వేడే అనుకునేవాణ్ణి. ఆ వేడి పోకుండా పట్టి ఉంచింది నాయనమ్మ మొహమాటమని తెలిసేసరికి మామిడిపూత వచ్చేసింది. చలి పోయింది, వాడున్నాడు. పక్కింటి అత్తయ్యగారు చింతపండు మాటెత్తడం మానేసి, రోజూ "లేచేడాండీ?" అని గోడ మీంచి పలకరించేవారు.

ఇప్పుడు పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. వసారా ఉన్నచోట బైకులు పెట్టుకుంటున్నాం. హీటరు మంచి పనిమంతురాలు. నేను నిద్రపోయినా తను పోదు, ఎవర్నీ ముంజేయి ఆనించి చూడమనదు. చేప మనల్ని చూసి ఏమనుకుంటుందోనన్న బెంగ మాత్రం దానికి లేదు.

నిన్న మధ్యాహ్నం కోడలు కొర్రమేను పులుసు వడ్డించబోతుంటే, నా చెయ్యి దానంతటదే భుజం మీది కండువా తీసి తొట్టె మీద కప్పింది.

"హీటరుంది కదండీ మావయ్యగారూ, చలేటి దానికి?" అంది.

ఆయ్, అన్నాను. కండువా మాత్రం తియ్యలేదు. కోడలే వచ్చి, నా వైపు జారిపోతున్న కొసని సర్ది, అప్పుడు వడ్డించింది.