వదిన చెప్పిన మిషను

మందస దగ్గర మా ఊళ్ళో నేను బట్టలు కుడతాను. ఆ మధ్యాహ్నం ఒక పాప గౌనుకు కుచ్చులు పెడుతున్నాను. పెద్ద కుట్టు వేసి, దారం కొస పట్టుకుని మెల్లగా లాగుతుంటే పక్కింటి వదిన జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చింది. మొగుడు పోయాక జీడిపప్పు ఒలిచి ఇల్లు నడుపుతోందామె.

"ఎడం సెయ్యి బిగువుగా వొద్దే. కుచ్చులెట్టి వొదులుగా కుట్టు. సోమారం నుంచి నానూ మిషనెక్కుతన్నాను" అంది.

నాకు ఎంత సంతోషం వేసిందో! "మంచిదే ఒదినా! ఆ పప్పు పని మానేసి కుట్టుకో. కుచ్చులెట్టడం నాను నేర్పుతాను, ఇదేటంత కట్టం కాదు" అన్నాను.

వదిన పైట తొలగించి, నా చెయ్యి తీసుకుని తన ఎడమ మోచేతి పైన పెట్టింది. నడుస్తున్న మిషను మీద చెయ్యి వేసినట్టు చర్మం కింద అదురుతోంది. ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. రెండో చేతిలోని దారం పుటుక్కున తెగి, పెట్టిన కుచ్చులన్నీ విడిపోయాయి.

"ఈ మిషను కాదే. పలాసలో కిడ్నీలు పాడైనోలికి రగతం కడిగే మిషను. దానికే సేతికి ఆపరేసను సేసినారు. మీ అన్న పోయేముందు ఎక్కినాడు సూడు, అదే."

ఆ జాకెట్టు చిరగకముందే వదినా పోయింది.

ఇప్పుడు ఎడమ చేతికి వదులు కుచ్చులు పెట్టమని ఇంకొందరు వస్తున్నారు. ఎందుకని అడగను. కొలత తీసేటప్పుడు మాత్రం ఆ చేతికి టేపు బిగించను.