సేమ్ సేమ్ అన్న మాట

చేప ముల్లు గొంతులో గుచ్చుకుంటే ఒట్టి అన్నం ముద్ద మింగమంటారు మా వైపు. ఐదేళ్ళుగా మింగుతూనే ఉన్నాను. దిగలేదు. మీకు చెబితే దిగుతుందో లేదో తెలియదు. చెబుతాను.

నా పేరు అడక్కండి. మాది నర్సాపురం పక్క, ఇంటింటా లేసులల్లే ఊరు. ఇప్పుడు దుబాయ్‌లో, కరామా పేటలో ఆరుగురు ఆడవాళ్ళుండే గదిలో కింది మంచం నాది. దాని కింద సూట్‌కేసులో ఒక తెల్లకోటు ఉంది. దాని గురించీ, అలాంటి ఇంకో కోటు ముందు నేనన్న ఒక్క మాట గురించీ చెప్పాలి.

కరోనా వచ్చిన ఏడాది ఈ దేశంలోనే రాస్ అల్ ఖైమాలో ఒక జర్మన్ పెద్దాయన ఇంట్లో పనిచేసేదాన్ని. క్వారీల్లో మిషన్లు బిగించడానికి వచ్చి, భార్య పోయాక కూడా సముద్రం పక్కనే ఉండిపోయిన మనిషి. వాళ్ళ దేశాన్ని చక్రవర్తులేలిన కాలంలో గుర్రపు దళాలు వాడిన కోట్లు, టోపీలు, కత్తులు నలభై ఏళ్ళపాటు ఏరి తెచ్చి ఒక గదిలో పెట్టుకున్నారు. మొదటిసారి చూసినప్పుడు, పెళ్ళి బ్యాండు వాళ్ళ బట్టలు ఈయనకెందుకబ్బా అనుకున్నాను.

ఆ గది ఇప్పటికీ కలలోకి వస్తుంది. కిటికీల్లేవు. బయట ఎండకి గోడ తాకితే చెయ్యి కాలేది. లోపల ఎప్పుడూ ఒకటే చలి, ఒకటే మసక వెలుతురు, కర్పూరం లాంటి వాసన. తలల్లేని చెక్క బొమ్మలు కోట్లు తొడుక్కుని వరసగా నిలబడి ఉండేవి. గుర్రాలు దిగి, ఎందుకొచ్చామో మరిచిపోయి ఆగిపోయినట్టు. బ్రష్షు పట్టుకుని వాటి మధ్య తిరుగుతుంటే నాకూ నేనెక్కడున్నానో గుర్తుండేది కాదు. ఛాతీ మీద తాళ్ళల్లిక ఉంటే హుస్సార్లట. నాలుగు పలకల టోపీ పెట్టి ఈటెలు పట్టేవాళ్ళు ఉలాన్లు. తెల్లకోటు మీద ఇనుప కవచం తొడిగేవాళ్ళు కిరాసియర్లు. సారు చెబుతుంటే నేర్చుకున్నాను.

అప్పటికే సారుకి చూపు దాదాపు పోయింది. రోజూ కాఫీ తాగాక నా మోచెయ్యి పట్టుకుని ఆ గదిలోకి వచ్చి, ఒక్కో కోటూ తడిమి, ఏ దళానిదో చెప్పేవారు. ఒక్కటీ తప్పేవారు కాదు. “నువ్వు నా కళ్ళు. మిగతాది నా వేళ్ళు చూసుకుంటాయి” అనేవారు. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని. నన్నంత పెద్దదాన్ని చేసి ఎవరూ మాట్లాడలేదు మరి.

అన్నింట్లోకీ ఆయన ప్రాణం ఒక తెల్లకోటు. ఎడమ చంక కింద లోపలి కుట్టు ఒకచోట వంకర పోయింది. ఎవడో అలసిపోయి కుట్టాడని నవ్వి, దాని మీద వేలు పెట్టి ఉంచేవారు. అలాంటిదే ఇంకొకటి రేకు పెట్టెలో ఉండేది. కుర్రతనంలో అసలుదనుకుని కొన్న నాటకాల కోటు. దాన్ని “వెర్రివాడి కోటు” అనేవారు.

ఆ తెల్లకోటు ఛాతీ మీద కవచం ఒరిపిడికి పట్టిన తుప్పు మరక ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నా చేతులు ఊరుకునేవి కావు. మా ఊళ్ళో లేసు అల్లాక చేతిమురికి పోయేలా ఉతికి, ఎండలో తెల్లబరిచి గానీ షావుకారుకి ఇవ్వం. బ్రష్షు తప్ప నీళ్ళు తగలకూడదని సారు చెప్పకపోలేదు. అయినా ఆయన పుట్టినరోజు వస్తోందని, కాగిన నీళ్ళలో సబ్బుపొడి వేసి, నిమ్మచెక్కలు పిండి, రెండు గంటలు నానబెట్టి పిసికాను. మేడ మీద ఆరేశాను. కడిగిన ముత్యంలా ఉంటే మురిసిపోతారనుకున్నాను. చూడలేని మనిషికి తెలుపెందుకన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

ఉన్ని బట్ట మా వైపు ఎవరికుంటుంది? సాయంత్రం తియ్యబోతే కోటు ముడుచుకుపోయి, అట్టలా బిగుసుకుని, చిన్నపిల్లలకి తొడిగేంతైంది. దాన్ని రేకు పెట్టెలో దాచి, వెర్రివాడి కోటు తీసి బొమ్మకి తొడిగాను.

మర్నాడు కాఫీ అయ్యాక సారు వచ్చారు. చంక కిందికి చెయ్యి పోనిచ్చారు. వెతికారు. మళ్ళీ వెతికారు.

“ఇక్కడ వంకర కుట్టు ఉండాలి. ఏది?”

“ఉంది సార్. సేమ్ కోట్.”

“నాకు తగలడం లేదే.”

నేను ఆయన వేలు పట్టుకున్నాను. తిన్నటి మిషను కుట్టు మీద పెట్టి నొక్కాను. “ఇదిగో సార్. సేమ్ సేమ్.”

భాష రాని చోట ఇక్కడ అందరం వాడే మాట అది. బియ్యం మారినా సేమ్ సేమ్, ఇల్లు మారినా సేమ్ సేమ్. ఎవరికీ ఏమీ కాదు. సారు నా చేతిలోంచి వేలు వెనక్కి తీసుకున్నారు.

“అయితే వేళ్ళు కూడా ఖలాస్” అన్నారు మెల్లగా.

ఆ తర్వాత ఆయన ఆ గదిలోకి రాలేదు. తన చొక్కా గుండీలు తనే పెట్టుకునే మనిషి, నన్ను పెట్టమన్నారు. ఉప్పో పంచదారో వేలితో తెలుసుకునే మనిషి, నన్ను అడగడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే ఆయన ఎదురుగా నిలబడి గుండీలు పెట్టాను. ఆరు గుండీలు. చెప్పడానికి ఎంతసేపు కావాలి? ఒక్క గుండీ పెట్టేంతసేపు చాలు.

ఎందుకు చెప్పలేదు? విమానాలు ఆగిపోయాయి, వీసా పోతే రోడ్డున పడతానని భయపడ్డాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆయన ఏనాడూ గొంతు పెంచలేదు. కోటు పోయినా నన్ను పొమ్మనేవారు కాదు. “నువ్వు నా కళ్ళు” అన్న మాట పోతుందని చెప్పలేదు. ఆ మాట దక్కించుకోవడానికి ఆయన వేళ్ళు తీసేసుకున్నాను. మా అమ్మమ్మ చూపు పోయాక కూడా వేళ్ళతోనే లేసల్లేది. ఆ వేళ్ళ విలువ తెలియనిదాన్నైతే ఇంత బాధ ఉండేది కాదేమో.

మరుసటేడు సారు మేనకోడలు వచ్చి ఆయన్ని జర్మనీకి తీసుకెళ్ళిపోయింది. కోట్లన్నీ పెట్టెల్లో సర్ది ఎవరికో పంపేశారు. అందులో ఒకటి నకిలీదని ఎవరైనా ఆ పూట అని ఉంటే ఆయన వేళ్ళు ఆయనకి తిరిగొచ్చేవి. అనగలిగినదాన్ని నేనొక్కదాన్నే. పక్కనే నిలబడి టేపు అంటించాను. వెళ్ళేటప్పుడు సారు నా తల మీద చెయ్యి పెట్టి, “ఆ వెర్రివాడి కోటు నువ్వుంచుకో, గుడ్డ మంచిదే, ఏమైనా కుట్టుకో” అన్నారు. ఆ పెట్టెలో ఏముందో మీకు తెలుసు. ఆర్నెల్లకి పోయారని కబురొచ్చింది.

మొన్న పైమంచం అమ్మాయి సూట్‌కేసులోకి తొంగి చూసి, “ఏంటక్కా, బ్యాండోళ్ళ కోటా? పిల్లలదాండీ?” అంది. మా సారుదన్నాను. నవ్వింది.

సెలవు రోజు గదిలో ఎవరూ లేనప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాను. కళ్ళు మూసుకుని ఎడమ చంక కిందికి వేలు పోనిస్తాను. ముడుచుకున్న ఉన్నిలో కూడా ఆ వంకర పోలేదు. ఠక్కున తగులుతుంది.

సారూ, మీ వేళ్ళు పోలేదు. అవి నిజమే చెప్పాయి. అబద్ధమాడింది మీ కళ్ళు.