ఉడకేసిన తీగ

శ్రీకాకుళం నుంచి వచ్చిన నేను ధర్మవరంలో హిందూపురం బస్సెక్కి స్తోత్రం పుస్తకం తెరిచాను. పక్కసీటు పెద్దాయన ఫోన్లో ఏదో చైనా సంగీతం పెట్టాడు. అందులో వాయిద్యగాళ్లంతా ఒకే పాటను ఎవరికి తోచినట్టు వాళ్లు వాయిస్తున్నారు. అయిపోగానే మళ్లీ అదే. నాలుగోసారికి నా ఓపిక చచ్చింది.

"కాస్త ఆపండి బాబూ!"

"ఆపితే ఎట్లక్కా? ఇది పట్టు-వెదురు సంగీతమంట. వెదురంటే పిల్లనగ్రోవి, పట్టంటే పట్టుదారం తీగలు. బెంగళూరులో వాయించే ఆయనకు ఆ తీగలు నేనే పురిపెట్టి ఇస్తాండా. అవి ఎట్ల మోగల్లో ఇది ఇని నేర్చుకుంటాండా. రెండుతూర్లు మోగలేదని వాపసిచ్చినాడు. ఇదీ మోగకుంటే ఇంగ నాకు పని యాడిస్తాడు? ఈ కొస పట్టుకోక్కా."

పుస్తకం మూసి, ఆయన సంచిలోంచి తీసిన తీగ కొస పట్టుకున్నాను. ఆయన మీటాడు. చప్పుడే లేదు. తీగ చీరకొంగులా మెత్తగా ఉంది.

"ఇంత మెత్తనిది ఏం మోగుతుంది?"

"మెత్తగుండొద్దా? చీరలకు మాదిరే బాగా ఉడకేసి, పట్టులో ఉండే జిగురంతా తీసినా."

"దీన్ని ఎవరైనా కట్టుకుంటారా నాయనా!" అని విసుక్కున్నాను.

ఆయన తీగను మళ్లీ వేళ్లతో నలిపి చూసుకున్నాడు. పెనుకొండలో దిగిపోతూ, "సల్లగుండు తల్లీ! ఈతూరి ఉడకేయకుండా, జిగురుతోనే గట్టిగా చేస్తా" అన్నాడు.

ఆ నిశ్శబ్దానికి దేవుడికి దండం పెట్టుకుని పుస్తకం తెరిచాను. హిందూపురం దాకా స్తోత్రమంతా ఆ చైనా పాట వరసలోనే నోటికొచ్చింది.