కర్పూరానికి ఓడిన గ్యారంటీ

అబద్ధమాడేవాడు ప్రమాణానికి వెనకాడటం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

మా గార్లదిన్నె టాక్సీ డ్రైవరుకు జరిగింది గుర్తొస్తే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఆయన నాలుగు మైళ్లకోసారి కారు ఆపి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు. తన గొంతు ఎండుతున్నా ఉన్న నీళ్లు రేడియేటరుకే పోసేవాడు.

గుంతకల్లు వ్యాపారి దగ్గర కొన్న ఆ పాత కారు ఇంజను మూడో నెలలోనే పట్టేసింది. ఆరు నెలల లోపు చెడితే తానే బాగుచేయిస్తానని వ్యాపారి రాసిచ్చిన కాగితం తీసుకుని ఇద్దరం వెళ్లాము.

"నీళ్లు లేకుండా తోలినావు. గ్యారంటీ లేదు, గింటీ లేదు, పోప్పా," అన్నాడు వ్యాపారి.

"దినామూ పోసినా సామీ! ఈ కారు లేకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

"అట్లయితే బిడ్డ మీద ప్రమాణం చెయ్యి," అంటూ వ్యాపారి కర్పూరం వెలిగించాడు.

డ్రైవరు కూతురు ఇంట్లో జ్వరంతో పడి ఉంది. ఆయన చెయ్యి మంట దాకా పోయి వెనక్కి వచ్చింది.

"నీది నిజమే కదన్నా!" అని అరిచాను.

"నిజమేనప్పా. ఎప్పుడన్నా ఒకనాడు తక్కువ పోసింటే? బిడ్డకేమన్నా అయితే?"

"సూడండప్పా, నేను చేస్తాండా!" అంటూ, డ్రైవరు నీళ్లు పోయలేదని వ్యాపారి తన కొడుకు మీద ప్రమాణం చేసి, నవ్వుతూ కర్పూరం ఆర్పేశాడు.

చుట్టూ చేరినవాళ్లు వ్యాపారిదే నిజమని తీర్పు చెప్పేశారు. నా చేతిలోని కాగితాన్ని ఒక్కడూ చదవలేదు. డ్రైవరు రాళ్లు కొట్టే కూలికి పోయాడు.

రేపు మీ ఎదుట ఎవరైనా కర్పూరం తీస్తే లాగి పారేయండి. సంతకం పెట్టినవాడి చేతే ఆ కాగితాన్ని అందరి ముందూ చదివించండి.