బయానా ఇచ్చిన బర్రె

మా తమ్ముని భార్య ఒక మంగళవారం పొద్దున్నే ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో జహీరాబాద్ వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి, బంగారం దుకాణం దాకా తోడు రమ్మని అడిగింది. రుమాలులో ఆమె గుండ్ల దండ ఉంది. పెళ్లినాడు మా అమ్మ ఆమె మెడలో వేసింది. ఆమెకున్న బంగారం అంతే.

“కుదువ పెట్టాలె వదినె. జర జల్ది.”

“ఎందుకే? తమ్మునికి పానం బాగలేదా?”

“ఆయనకేమైతది, లారీ మీద బొంబాయి దిక్కు పోయిండు. పైసలు బర్రె కోసం.”

వానాకాలంలో వాళ్ల బర్రె చచ్చిపోయింది. పన్నెండు ఇళ్లకు పాలు పోసేది. ఇంకో బర్రె వచ్చేదాకా ఆగమని ఆ ఇళ్లవాళ్లను ఆమె బతిమాలుకుంది. అప్పటికే ముగ్గురు పాకెట్లకు మళ్లారు. ఆలస్యమైతే మిగిలిన తొమ్మిది ఇళ్లూ పోతాయి.

కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఏ బర్రె అని అడిగాను. ఫోన్ తీసి చూపించింది. పాత సామాన్లు, బండ్లు, పశువులు అమ్మే యాప్‌లో ప్రకటన అది. రెండో ఈత, పూటకు ఎనిమిది లీటర్లు, నలభై ఐదు వేలు. అంత పాలిచ్చే బర్రె మా అంగట్లో లక్షకు తక్కువ రాదు.

“అమ్మేటాయన ఫౌజీ అంట. బదిలీ అయిందంట. అందుకే అగ్గువకు ఇస్తున్నడు.”

యూనిఫాంలో ఉన్న ఒకతని గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని బర్రె ఫోటోలను చూశాను. మొదటి దాంట్లో కొమ్ములు జిలేబీలా చుట్టుకుని ఉన్నాయి. రెండో దాంట్లో కొడవళ్లలా వెనక్కి సాగి ఉన్నాయి.

“ఇవి రెండు బర్రెలే.”

“ఒకటే వదినె. పక్క దిక్కుకెళ్లి తీసిండు.”

“పక్క దిక్కుకెళ్లి తీస్తే కొమ్ములు విప్పుకుంటయా?”

ఆమె రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూసింది. ఎంత పంపావని అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. ఆదివారం బయానా, అంటే అడ్వాన్సు, ఐదు వేలు. సోమవారం లారీ కిరాయి అని ఎనిమిదిన్నర వేలు. ఇప్పుడు బీమాకు ఇరవై వేలు కట్టాలట. బర్రె ఇంటికి చేరగానే ఆ ఇరవై వేలు తిరిగి ఇస్తాడట.

“నీకు అనుమానం రాలేదా?”

“ఎందుకు రాలే? లారీ కిరాయి అడిగినప్పుడే వచ్చింది. గని బయానా ఇచ్చిన గద వదినె. ఇచ్చినంక వంక పెడితే మంచిగుంటదా?”

పశువుల బేరంలో మా వైపు బయానా అంటే ఇద్దరి నోళ్లకూ తాళం. బయానా తీసుకున్నాక పక్కవాడు పదివేలు ఎక్కువిస్తానన్నా అమ్మేవాడు తల ఊపడు. కొనేవాడు మళ్లీ ధర ఎత్తడు. మా నాయన ఒకసారి బయానా ఇచ్చి వచ్చాక ఎద్దు కుంటుతున్నదని తెలిసింది. అయినా మిగతా పైసలిచ్చి తోలుకొచ్చాడు. అలాంటి ఇంటికి కోడలుగా వచ్చింది ఈమె. ఇంకో ప్రశ్న అడిగితే తానే మాట తప్పినట్టవుతుందని భయపడింది. వాడు ఆ భయాన్ని కనిపెట్టాడు. ఈమె తటపటాయించినప్పుడల్లా పంపిన మెసేజ్ నాకు చూపించింది: “బయానా ఇచ్చి వెనక్కి పోతారా? రైతు మాట ఇంతేనా?” దొంగలు నా ఎరుకలో చాలామంది ఉన్నారు. కోళ్ల దొంగ, మోటారు దొంగ, తూకం దొంగ. ఎదుటి మనిషి నీతినే ముక్కుతాడు చేసి లాగే దొంగను అప్పటిదాకా చూడలేదు.

ఫోన్ కలపమన్నాను.

“జై హింద్ మేడమ్!” అన్నాడు.

“నేను ఆమె వదినెను. బర్రెను లేపి నిలబెట్టి వీడియోల చూపియ్యి బిడ్డా.”

“ఇది ఆర్మీ ఏరియా మేడమ్. కెమెరా వాడకూడదు.”

“మరి ఫోటోలెట్ల తీసినవు?”

“అవి స్పెషల్ పర్మిషన్ మీద తీశాం మేడమ్.”

“సరే, మేమే జీపుల వచ్చి తోలుకపోతం.”

“గేట్ పాస్ దొరకదు మేడమ్. మీరు బీమా కట్టండి, రాత్రికల్లా బర్రె మీ ఇంటి ముందుంటుంది.”

“మంచిది. బర్రెతోని తలుగు ఇస్తవా?”

“తాడేగా మేడమ్? తాడు, గంట, గొలుసు అన్నీ ఫ్రీ! మీరు పెద్దవారు కాబట్టి దూడ కూడా ఫ్రీ!”

మర్దలు తలెత్తింది. మెడకు కట్టే తలుగును అమ్మినవాడు విప్పి దాచుకుంటాడు. దాంతోపాటు కొట్టంలోని లక్ష్మి వెళ్లిపోతుందని నమ్మకం. కొన్నవాడు కొత్త తలుగు తెచ్చుకోవాలి. ఎంత కష్టంలో అమ్మినా తలుగు ఇచ్చే రైతు మా వైపు లేడు. ఇక దూడ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

“దూడ ఫ్రీ ఏందిరా? దూడ లేకుంటే బర్రె పాలెట్ల చేపుతది? నీ జన్మల బర్రె తోక పట్టినవారా నువ్వు?”

వాడి గొంతులోని మేడమ్ మాయమైంది. ఆడవాళ్లను తిట్టే మాట ఒకటి వాడాడు. దాన్ని కాగితం మీద పెట్టను.

మెసేజ్‌లు ఒక్కటి కూడా తుడిచెయ్యొద్దని చెప్పి, సైబర్ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేయించాను. ఆ తర్వాత బ్యాంకుకు తీసుకెళ్లాను. పంపిన గంటలోపు చెబితే ఆపే వీలుండేదట. ఇప్పుడా పైసలు ఎన్ని ఖాతాలు దాటాయో తెలియదన్నారు. వరుసలో మా వెనక నిలబడ్డ ఒకాయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, “అగ్గువకు ఆశపడితే గిట్లనే ఐతది” అన్నాడు. తిరిగి చూశాను. “మీ ఇంట్ల అన్ని పిరానికే కొంటరా అన్నా?” అన్నాను. పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. దొంగ మీద ఎంత రోత కలిగిందో, ఆయన మీదా అంతే కలిగింది.

యాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టాం. మరునాటికి ప్రకటన పోయింది. శుక్రవారానికి అవే జిలేబీ కొమ్ములు ఇంకో పేరుతో వచ్చాయి. ఈసారి అమ్మేవాడు రిటైరైన పంతులు. వాకిట్లోకి వెళ్లి ఉమ్మేసి వచ్చి, మళ్లీ ఫిర్యాదు పెట్టాను.

తర్వాతి వారం కోహీర్‌లో ఒక రైతు దగ్గర నిజమైన బర్రె దొరికింది. ధర డెబ్బై రెండు వేలు. అందులో నలభై వేలు తమ్ముడు తన లారీ సేటును అడిగి తెస్తానన్నాడు. మిగతావి బర్రె ధరకని ఆమె ముట్టకుండా దాచుకున్నవి. గుండ్ల దండ కుదువ పెట్టాల్సిన పని లేదు. మూడు పూటలు ఎదురుగా కూర్చుని పిండించుకుని చూశాం. రైతు చేతులు తుడుచుకుని, బయానా కోసం అరచెయ్యి చాపాడు.

“ఆధార్ కార్డు చూపియ్యి అన్నా,” అంది మర్దలు.

“మా నాయిన కాలంకెళ్లి పసులు అమ్ముతున్నం చెల్లె. ఎవ్వడు కార్డు అడగలే. నాదా, బర్రెదా?”

అరుగు మీదున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. అతను లోపలికి వెళ్లి కార్డు తెచ్చాడు. రెండు వైపులా చూసింది. బర్రె పక్కన అతన్ని నిలబెట్టి ఫోటో తీసింది. అతను కెమెరా వైపు చూడకుండా కుడితి తొట్టి వైపు చూశాడు. ఆమె కొంగు ముడి విప్పి, నోట్లు తీసి, మళ్లీ లోపలే పెట్టి ముడి వేసుకుంది.

“తోలుకపోయే దినం మొత్తం ఒక్కసారే ఇస్త. బయానా ఇయ్య.”

“బయానా లేకుంటే బర్రెను ఎట్ల ఆపాలె? రేపు ఎవ్వడన్న వచ్చి అడిగితే ఇచ్చేస్త మరి. తర్వాత నన్ను అనొద్దు.”

“అనను.”

నేను నా సంచిలో చెయ్యి పెట్టబోతే మణికట్టు పట్టుకుని ఆపింది.

తమ్ముడు శనివారం లారీ దిగి బండి మాట్లాడేలోపు ఆ బర్రె అమ్ముడుపోయింది. రైతే ఫోన్ చేసి చెప్పాడు. “ఆ రైతు తప్పేం లేదు వదినె,” అని మర్దలు నాకు ఫోన్లో చెప్పింది. ఇంకా ఎన్నాళ్లు ఆగమంటావని పాల ఇళ్లవాళ్లు పొద్దున్నే అడిగారట. ఇక పాకెట్లు తెచ్చుకోండని చెప్పడానికి, ఆ తొమ్మిది ఇళ్లకూ వెళ్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసింది.