నేను శవంగా నటించానట

మా వంశంలో నాటకాలాడినవాళ్ళు లేరు. నాటకాలవాళ్ళకు విడిది ఇచ్చి, శాలువాలు కప్పి, బండ్లు కట్టించి సాగనంపిన వంశం మాది. అలాంటి ఇంట పుట్టిన నేను ఆస్ట్రేలియాలో శవం వేషం కట్టానని ఒక వెబ్‌సైటు లోకమంతటికీ చాటింది. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అవి కంప్యూటర్లన్నీ కొత్త సంవత్సరం రోజున ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజులు. రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా దిద్దే పనికి నన్ను మెల్‌బోర్న్ రప్పించారు. క్లేటన్‌లో ఒక తెలుగువారి పెరటి గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. ఇంటాయన హైదరాబాదు మనిషి, ఫ్యాక్టరీలో ఇంజనీరు, అక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. అందరిలాగే నేనూ ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. ఆయన నన్ను దొరా అనేవాడు. అందులో గౌరవం పాలు తక్కువని తెలిసినా, పిలుపు సరైనదే కనుక పలికేవాణ్ణి.

అంకుల్‌కు ఒక వ్యసనం ఉండేది. సాయంత్రం కాగానే మోడెం కీచుమనిపించి ఒక ఈమెయిలు గుంపులో కూర్చునేవాడు. అంతకు కొన్నేళ్ళ ముందు దక్షిణాన ఉన్న ద్వీపంలో ఒకడు తుపాకీతో ఎందరినో చంపాడు. ఆ తర్వాత ప్రభుత్వం జనం దగ్గరున్న తుపాకులు చాలావరకు వెనక్కి తీసుకుంది. అసలు ఆ చావులే జరగలేదని, చచ్చినవాళ్ళంతా నటులని, నెత్తురంతా రంగునీళ్ళని ఆ గుంపు సిద్ధాంతం.

"నువ్వే చెప్పు దొరా. జనవరి ఫస్టుకు లైట్లు బంద్ అయితయ్, బ్యాంకులు బంద్ అయితయ్. చేతుల గన్స్ ఉంటే పబ్లిక్ ఊకుంటదా? అందుకే ముందుగాల డ్రామా ఆడి గన్స్ గుంజుకున్నరు. టోటల్ ప్లాన్!"

"మీకెప్పుడైనా తుపాకీ ఉండేదా అంకుల్?"

"నాకెందుకుంటది? స్టవ్ లైటర్ పట్టుకుంటెనే మీ ఆంటీ గుంజుకుంటది."

ఆంటీ వంటింట్లోంచి అందుకునేది. "గరాజ్ నిండ బియ్యం, కందిపప్పు దాచిండు. వండనీకి గ్యాస్ దాచలే. న్యూ ఇయర్‌కు అందరం నానబెట్టుకొని తిందాం."

కుట్ర కథలు నాకు కొత్త కాదు. చితికిన ఇంట్లో పుట్టినవాడికి అవి ఉగ్గుపాలతో పడతాయి. మా భూములు దివాను కుట్రవల్ల పోయాయని మా పెదనాన్న, అత్తయ్య అత్తవారి కుట్రవల్ల పోయాయని మా నాన్న చెప్పేవారు. మా తాతగారు గుర్రప్పందేలలో పోగొట్టారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మాట మా ఇంట్లో మాత్రం ఎవరూ అనలేదు. దివాను కుట్ర అంటే మనం మోసపోయిన పెద్దమనుషులమవుతాం. గుర్రం ఓడిందంటే ఏమవుతాం? అందుకే అంకుల్ మాటలు నేను మర్యాదగానే వినేవాణ్ణి.

కానీ పక్కింటావిడ ముందు ఆ మాటలు రాకూడదు. ఆవిడ ఆ దేశం మనిషే, మా పిన్ని వయసు, ఒంటరిగా ఉండేది. ఒక ఆదివారం నేను పెరట్లో బట్టలు ఆరేసుకుంటుంటే కంచె పక్కకు వచ్చి నిలబడి, ఉన్నట్టుండి చెప్పింది. ఆ ద్వీపంలో చనిపోయినవాళ్ళలో ఆవిడ తమ్ముడు ఉన్నాడు. టీవీలో ఆవిడ ఏడుపు చూసినవాళ్ళు కొందరు ఫోన్ చేసి, "నీ తమ్ముణ్ణి ఎక్కడ దాచారు?" అని అడిగేవారట. ఒకడైతే కెమెరా పట్టుకుని గేటు దగ్గర కాపు కాశాడట. ఆ ఇల్లు వదిలి ఎవరికీ తెలియని ఈ వీధికి వచ్చింది. ఇక్కడ కూడా కనిపెట్టారంటే మళ్ళీ పెట్టె సర్దుకోవడమే అంది. ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. మాట ఇచ్చాక మావాళ్ళు ఎస్టేటు పోయినా మాట తప్పలేదు. ఎస్టేటు పోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆంటీకి ఆవిడంటే ప్రాణం. పండగొచ్చినా పబ్బమొచ్చినా పిలిచేది. ఆవిడ వచ్చిన ప్రతిసారీ అంకుల్ నోరు ఆ ద్వీపం వైపు తిరగకుండా కాయడం నా పనైంది. ఆయన ఆవిడతో "దిస్ గవర్నమెంట్..." అని మొదలుపెట్టగానే నేను మా దివాణంలో ఏనుగు సంగతి ఎత్తుకునేవాణ్ణి.

"దొరా, ఆ ఏనుగు సచ్చి ఎన్నేండ్లయింది? ఇంకెన్ని వారాలు తోల్తవ్ దాన్ని?"

అందరూ నన్ను గొప్పలు చెప్పుకునేవాడి కింద జమకట్టారు. ఆవిడ కోసం ఆ నింద మోశాను. కొన్ని గొప్పలు మాత్రం ఎవరి కోసమూ కాదు.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ చేశాం. కారుకు పసుపు పూసి, మోడెంకు, ప్రింటరుకు, వంటింటి కత్తిపీటకు బొట్లు పెట్టాం. అంకుల్ స్ప్రింగ్‌వేల్ మార్కెట్టు నుంచి బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. దానికి కన్నం చేసి కుంకుమ నీళ్ళు నింపి, దిష్టి తీసి కొట్టాలి. మా ఇంట ఆ పని పెద్దకొడుకు చేయడం ఆచారం కనుక నేనే చేస్తానన్నాను. తాతగారి నాటి జరీ పట్టుపంచె కట్టుకుని కారు ముందు నిలబడ్డాను.

"కొట్టు దొరా, గట్టిగ కొట్టు! మీ దివాను నెత్తి అనుకో!"

కొట్టాను. ఎర్రనీళ్ళు ఛాతీదాకా ఎగిరాయి. హుందాగా ఒక అడుగు వెనక్కి వేశాను. కాలికింద గుమ్మడి చెక్క పడింది. వెల్లకిలా పడ్డాను. పట్టుపంచె, బనీను, సిమెంటు నేల అంతా ఎరుపు. ఆంటీ హారతి పళ్ళెం పట్టుకుని విరగబడి నవ్వుతోంది. అంకుల్ కెమెరా క్లిక్కుమంటూనే ఉంది.

అప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తున్న పక్కింటావిడ మాత్రం నవ్వలేదు. చేతిలో కేకు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో నా ఛాతీ అదిమి పట్టింది. కుంకుమండీ, కుంకుమ అని నేను తెలుగులో అంటున్నాను. ఆవిడ వేళ్ళు వాసన చూసుకుంది. కాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత ఆవిడా నవ్వింది, అందరికంటే ఆలస్యంగా.

అంకుల్‌కు కొత్తగా కొన్న స్కానరు ఉంది. పండగ ఫొటో కదా, గుంపులో అందరికీ పంపాడు. ఆ వారం గడవకముందే నన్ను కేకేశాడు.

"దొరా, ఉరికిరా! వెబ్‌సైట్ల ఎక్కినవ్. నువ్వు శవమంట! లీడ్ యాక్టరంట!"

చూశాను. ద్వీపంలో జరిగిన నాటకానికి రిహార్సల్స్ ఇలాగే చేశారని, రంగునీళ్ళ సాక్ష్యం దొరికిందని రాసి మా ఫొటో పెట్టారు. నా పంచె శవాల యూనిఫారమట.

"నేను నటుణ్ణా? మా ఇంటి గుమ్మంలో నటులు..."

"ఆగు, ఏనుగును తేకు. చూడు, మీ ఆంటీ డైరెక్టరంట. హారతి పళ్ళెం సిగ్నలంట."

ఆంటీ తొంగి చూసింది. "నేను డైరెక్టరైతే ఫస్టు నిన్నే తీసేస్త పిక్చర్ల నుంచి."

అంకుల్ నవ్వుతూ తెర కిందికి జరిపాడు. అక్కడ ఫొటో మూలలో పరుగెత్తుతున్న పక్కింటావిడ ముఖం చుట్టూ గుండ్రంగా గీత గీశారు. ఇదే మనిషి అప్పుడు టీవీలో చనిపోయినవాడి అక్క వేషం వేసిందని, ఇప్పుడు క్లేటన్‌లో కొత్త వేషం వేస్తోందని రాశారు. అంకుల్ నవ్వు ఆగిపోయింది.

"దొరా... నిజంగ ఆమె తమ్ముడా?"

"అవునండీ."

"నీకు ఎర్కనేనా?"

"మాటిచ్చాను."

"అందుకేనా ఆ ఏనుగు?"

తల ఊపాను. ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఫొటోలో కారు నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. తర్వాత వేళ్ళు టకటకలాడిస్తూ అది గుమ్మడికాయ అని, తనే మార్కెట్టులో ఏరి తెచ్చానని గుంపుకు రాశాడు. వెంటనే జవాబు వచ్చింది. నీకు ఎంత ముట్టింది అని.

"నా గుమ్మడికాయ గురించి నాకే చెప్తున్నరు!" అన్నాడు అంకుల్. అంత దీనంగా ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రమే ముగ్గురం పక్కింటికి వెళ్ళాం. అంకుల్ గారెల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి జరిగినదంతా చెప్పాడు. ఆ కథలు తను కూడా నమ్మానని చెప్పాడు. ఆవిడ గిన్నె అందుకుని పక్కన పెట్టింది. కోప్పడలేదు. అయితే వాళ్ళు వస్తారు, ఇళ్ళ ఏజెంటుతో మాట్లాడుకోవాలి అంది. వారం ఆగమని అంకుల్ బతిమాలాడు. ఆంటీ ఆవిడ చెయ్యి వదల్లేదు. సరే, వారం అంది.

శనివారం మధ్యాహ్నం ఒకాయన వీడియో కెమెరాతో దిగాడు. మా సిమెంటు మీద మిగిలిన ఎర్రమరకలు తీస్తున్నాడు. అంకుల్ దీనికి సిద్ధంగా ఉన్నాడు. గరాజులోంచి రెండో గుమ్మడికాయ తెచ్చాడు.

"దొరా, మల్లొక్కసారి కొట్టి పడు. కండ్లార చూస్తె వానికే సమజైతది."

"పడిన చోట మళ్ళీ పడడం మా వంశంలో లేదు."

"మీ తాత ప్రతి రేసుల పడ్డడు కదయ్యా!"

ఎవరు చెప్పారో ఆయనకు. నేను పక్కింటి కిటికీ వైపు చూశాను. తెర కొంచెం కదిలింది. కాయ అందుకుని కొట్టి, వెల్లకిలా పడ్డాను. ఈసారి నడుము పట్టేసింది. ఆ మనిషి కెమెరా దించకుండానే, ఎంత బాగా పడ్డాడు, చాలా సాధన ఉన్నట్టుంది అన్నాడు.

అంకుల్ నెత్తి కొట్టుకున్నాడు. ఇంతలో పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆంటీ వద్దు వద్దని సైగ చేస్తున్నా ఆవిడ వచ్చి నా పక్కన వంగి, నడుము పట్టేసిందా అని అడిగి చెయ్యి అందించింది. కెమెరా ఆవిడ వైపు తిరిగింది. వెంటనే అంకుల్ అడ్డంగా నిలబడ్డాడు. కెమెరా ఎటు జరిగితే ఆయన పొట్ట అటు జరిగింది. ఆ టేపులో ఆయన చొక్కా గుండీలు తప్ప ఏమీ పడి ఉండవు. ఆంటీ డ్రైవ్‌వే కడగాలంటూ హోసుపైపు విప్పింది. నీళ్ళు ఎక్కువభాగం ఆ మనిషి బూట్లనే కడిగాయి. అతను కారెక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ అంకుల్ వీపు వైపు చాలాసేపు చూసింది. ఏజెంటుకు ఫోన్ చేయలేదు.

జనవరి మొదటి రోజున లైట్లు ఆరలేదు. కందిపప్పు మాత్రం చలికాలం దాకా తిన్నాం. అంకుల్ ఆ గుంపులోంచి బయటికి వచ్చాడు. చంద్రుడి మీద మనిషి దిగలేదన్న నమ్మకం ఒక్కటి ఉంచుకున్నాడు. దాని జోలికి మేము పోలేదు.

మరుసటి దసరాకు గుమ్మడికాయ పక్కింటావిడే తెచ్చింది. నేను కొట్టి వెనక్కి అడుగు వేయబోతుంటే మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నలుగురిలో మోచెయ్యి పట్టించుకుని నడవడం మా ఇంట అలవాటు లేదు. విడిపించుకోలేదు. ఎదురుగా అంకుల్ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"కెమెరా ఇంట్లనే పెట్టిన దొరా. ఈసారి ఎట్ల పడాల్నో అట్ల పడు."