గోల్‌కీపర్ రాయబారం

ఈ ఉదయం పొయ్యి మీద ఉప్మా కలుపుతూ ఫోన్ చూస్తే, ఇటలీలో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ పై డివిజన్‌లోకి వచ్చిందన్న వార్త కనిపించింది. ఉప్మా మాడి, ఆక్లాండ్‌లో మేముండే మౌంట్ రాస్కిల్ పేట మొత్తాన్ని పొగ కమ్మి, సైన్యం దిగవలసిన పరిస్థితి వచ్చింది కానీ, నేను మాత్రం పదిహేనేళ్ళ కిందట ఇదే ఊళ్ళో అద్దెకున్న న్యూ లిన్ ఫ్లాట్‌లో, మా మామగారి పక్కన కూర్చుని ఉన్నాను.

మా పెళ్ళి మామగారిని అడగకుండా జరిగింది. చదువుకోడానికి వచ్చిన ఇద్దరం ఇక్కడే ఒకటయ్యాం, పైగా నేను గోదావరి జిల్లా వాణ్ణి. మూడేళ్ళు అలిగి, కూతురిని చూడకుండా ఉండలేక, హనుమకొండ నుంచి ఆరు నెలల వీసా మీద దిగిన ఆ రిటైర్డు లెక్కల మాస్టారు విమానాశ్రయంలో నన్ను చూసిన చూపుకు సామాను ట్రాలీ చక్రాలు వాటంతటవే వెనక్కి తిరిగాయి. నాతో ఒక్క మాట లేదు. నేను ఎదురుగా ఉన్నా, "బిడ్డా, ఆయన తానం అయిందేమో అడుగు" అని కూతురితోనే అనేవారు. నేనూ జవాబులన్నీ ఆవిడకే అప్పజెప్పేవాణ్ణి. ఆయన నాతో నేరుగా ఒక్క మాటైనా అనకుండా తిరిగి విమానం ఎక్కితే, మా ఆవిడ జన్మంతా మా ఇద్దరి మధ్యా నలిగిపోతుందని నా భయం.

చిక్కేమిటంటే, ఆవిడ తెల్లవారగానే వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి వెళ్ళిపోయేది. నాకు పక్కనున్న హెండర్సన్ పేటలో, ఒక గోడౌన్‌లో మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నంతా మేమిద్దరం, ఇద్దరికి చాలని ఒక సోఫా, మా ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిన టీవీ కనెక్షన్. అందులో వచ్చేది ఆటల ఛానెల్ ఒక్కటే. ఇటలీలో రాత్రి ఆడే మ్యాచ్ మాకు పొద్దుటి చాయ్ వేళకు వచ్చేది. మామగారికి ఫుట్‌బాల్ ఓనమాలు తెలియవు. అయినా పట్టికలో అట్టడుగున ఉన్న పసుపు చొక్కాల జట్టును చూడగానే, జీవితమంతా వెనక బెంచీ పిల్లలను గట్టెక్కించిన ప్రాణం కదా, దాన్ని దత్తత తీసుకున్నారు. పై డివిజన్‌లో వాళ్ళకు అదే మొదటి సీజన్. చివరికి అడుగునే మిగిలితే కింది డివిజన్‌కు దిగిపోవాలి.

ఆ జట్టు గోల్‌కీపర్‌ది బట్టతల, చాటలంత చేతులు. ఒకనాడు అతని ముఖం తెర నిండా కనిపించగానే మామగారు గొంతు సవరించుకుని, "గోలీ, ఇంట్ల చాయ్ పెట్టే ఆలోచన ఉన్నదేమో అడుగు" అన్నారు. నేను గోల్‌కీపర్ వైపే చూస్తూ, "గోలీ గారూ, అల్లం దంచుతున్నానని చెప్పండి" అన్నాను. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు దగ్గర్నుంచి దుప్పటి చాలడం లేదన్న ఫిర్యాదు దాకా అన్నీ అతని మీదుగానే నడిచాయి. అతను అన్ని గోల్స్ వదిలెయ్యడానికి మా సంసారమే కారణమని నా నమ్మకం. ఒక చెవి న్యూ లిన్‌లో పెట్టుకున్నవాడు బంతిని ఏం పడతాడు?

సీజన్ చివరి మ్యాచ్, మామగారి తిరుగు ప్రయాణం ఒకే రోజు పడ్డాయి. సాయంత్రం విమానం, పొద్దున ఆట. డ్రా చేసినా జట్టు నిలుస్తుంది. ఒక్క గోల్ వెనకబడి ఉన్నారు. ఆఖరి నిమిషంలో గోల్‌కీపరే తన చోటు వదిలి అవతలి గోల్ దాకా పరిగెత్తి, ఆ బట్టతలతో బంతిని కొడితే, అది పై కమ్మీకి తగిలి తిరిగొచ్చింది. ఆ చప్పుడు ఆక్లాండ్ రేవులో ఓడలన్నీ విని ఉంటాయి. ఈల పడింది. అతను గడ్డి మీద కూలబడి, గ్లవ్స్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మామగారు అలవాటుగా "గోలీ" అనబోయి ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత, ఆరు నెలల్లో మొదటిసారి, పూర్తిగా నా వైపు తిరిగారు.

"ఆ పిల్లగానికి ఇయ్యాల పని చెప్పద్దు తీ. నువ్వు లేసినకాంచి ఏమన్న తిన్నవా, బిడ్డా?"

లేదన్నట్టు తల ఊపాను. ఆయన లేచి వెళ్ళి నాకు దోశలు పోశారు. ఎన్ని పోశారో పెంచి చెప్పడానికి నోరు ఊరుతోంది కానీ, ఈ ఒక్కసారికి నిజమే చెబుతాను: రెండు. రెండోది విరిగింది.

ఆ తరువాత ప్రతి ఆదివారం ఫోన్ నాకే వచ్చేది, మా ఆవిడ అసూయపడేంతసేపు. రెండేళ్ళ కిందట ఆయనతోపాటే ఆ ఫోన్లూ ఆగిపోయాయి. ఇందాక వార్త చెబుదామని ఆవిడకు ఫోన్ చేస్తే, సంతోషంగా విని, "అయితే నాన్నకు..." అని మధ్యలో ఆగిపోయింది.

ఇప్పుడు ప్రతి మ్యాచూ ప్రతి జేబులోనూ ఉంది. ఇష్టం లేని మనిషి పక్కన ఇరుక్కుని కూర్చోవలసిన అవసరం మన పిల్లలకు లేదు. దిగిపోయిన జట్టు తిరిగి రావడానికి ఆ ఆటలో ఒక దారి ఉంచారు, వచ్చింది కూడా. ఈసారి ఆడే కుర్రాళ్ళలో మామగారికి తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా సీజన్ మొదలవగానే చూస్తాను. గెలిచినా ఓడినా చెప్పుకోడానికి మనిషి లేని ఆటను ఎలా చూడాలో మాత్రం ఇంకా నేర్చుకోవాలి.